బీరువాలో ఉన్న ఫోన్ నుంచి మూడు కాల్స్

ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ షెడ్డు ఉండే వీధిలో ఈ సంగతి ఒక రకంగా చెప్పుకుంటారు. ఆ అమావాస్య రోజు నేను నంద్యాల నుంచి ఆడికి పోయినానంట. రాతి కింద కాలు ఇరుక్కొని పడివున్న చిన్నమ్మను కళ్ళారా చూసినానంట. చూసి, సాయం చేయకపోగా నాలుగు తిట్లు తిట్టి, మళ్ళీ బస్సెక్కి వచ్చేసినానంట.

నంద్యాలలో మా వీధిలో చెప్పేది ఇంకో రకం. చిన్నమ్మ ఆత్మ నాకు ఫోన్ చేసిందని మా ఆడబిడ్డ రాజేశ్వరి కనపడినవాళ్ళందరికీ చెప్పింది. ఆత్మ ఫోన్ చేయాలంటే ముందు మనిషి చచ్చిపోవాలి కదా? మా చిన్నమ్మ బతికే ఉంది. మొన్న నేను చేసుకపోయిన చిత్రాన్నంలో ఉప్పు తక్కువని వంక కూడా పెట్టింది.

రెండూ అబద్ధాలే. జరిగింది జరిగినట్టు రాస్తాను. రాసినంత మాత్రాన నా మీద మీకు గౌరవం పెరుగుతుందనే ఆశ లేదు. ఆళ్లగడ్డ వాళ్ళు చెప్పే అబద్ధంలో నేను ఎంత చెడ్డదాన్నో, నిజంలో అంతకంటే మంచిదాన్నేమీ కాదు.

దయ్యాలూ గాలీ ధూళీ నేను ఏనాడూ నమ్మలేదు. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసినా. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పన్నెండేండ్లు పాఠాలు చెప్పినా. మా అత్తగారు పోయిన గదిని ఆరు నెలలు మూసిపెట్టాలని అందరూ అంటే, పదో రోజు దాటగానే అందులోనే మంచం వేసుకొని పడుకున్నదాన్ని. దయ్యం గురించి ఎవరన్నా నోరు తెరిస్తే సాక్ష్యం చూపించమని నిలదీసేదాన్ని. అందుకే ఇక్కడ కూడా సాక్ష్యాలతోనే మాట్లాడతాను.

ఫోన్లో మోసం చేసేవాళ్ళను తిట్టడంలో సరళ తర్వాతే ఎవరైనా అని మా వీధిలో నాకు పేరుండేది. పార్సిల్ వచ్చిందనీ, కేవైసీ గడువు అయిపోయిందనీ, రాత్రికి కరెంటు కట్ చేస్తామనీ ఎవడు ఫోన్ చేసినా పెట్టేసేదాన్ని కాదు. వాని పేరు అడిగి, ఊరు అడిగి, పై ఆఫీసరు పేరు అడిగి, వాడు తడబడేదాకా లాగి అప్పుడు మొదలుపెట్టేదాన్ని. పక్కింటి పద్మ తనకు వచ్చిన ఫోన్లు కూడా పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టేది. స్పీకర్ వేసి నేను తిడుతుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఒకసారి ఒకడు "మేడం, నేను కూడా డిగ్రీ చదివినోణ్ణే, ఇట్లా మాట్లాడొద్దండి" అని ఏడుపు గొంతు పెట్టినాడు. ఆ మాట నెలరోజులు అందరికీ చెప్పుకొని మురిసిపోయినా. మా ఆయన ఎరువుల అంగడి మూసుకొని ఇంటికి రాగానే, "ఈ పొద్దు ఎవనికి పోసినావ్ తలంటు?" అని అడిగేవాడు.

చిన్నమ్మ సంగతి చెప్పాలి. పేరు నాగరత్నమ్మ. మా అమ్మకు చెల్లెలు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు ఆమెది. చిన్నాయన పోయి తొమ్మిదేండ్లయింది, పిల్లల్లేరు. నలుగురు పనివాళ్ళను పెట్టుకొని తానే నడుపుతుంది. ఉలి పట్టదు గానీ రాయి ఎంచేది ఆమే, నునుపు పట్టేది ఆమే, ఫోన్లో ఆర్డర్లు మాట్లాడేది ఆమే.

రాయి ఎంచడమంటే కొట్టి చూడడం. చిన్న సుత్తితో కొడితే మంచి రాయి గంట మాదిరి మోగుతుంది. లోపల పగులుంటే ఓటి కుండ మాదిరి పలుకుతుంది. చిన్నమ్మ కొట్టే తీరు వేరే. రెండు దెబ్బలు వెంటవెంటనే వేస్తుంది. ఆగి, చెవి రాతికి ఆనిస్తుంది. అప్పుడు మూడోది. టక్ టక్... టక్. చిన్నప్పుడు నా వేసవి సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచినాయి. పొద్దున ఆ మూడు దెబ్బలకే నిద్ర లేచేదాన్ని.

అమావాస్య నాడు మాత్రం ఆ వీధిలో ఒక్క రాయి కూడా మోగదు. పనిముట్లకు పసుపూ కుంకుమా పెట్టి, దీపం వెలిగించి, షెడ్లు మూసేస్తారు. ఆ రోజు రాతి మీద దెబ్బ వేయడం తప్పు. ఏడెనిమిదేండ్లప్పుడు ఒక అమావాస్య నాడు నేను ఆటకు సుత్తి తీసుకొని కొడితే చిన్నమ్మ నా చేతి మీద ఒకటి అంటించింది. ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

పోయిన ఎండాకాలం ఆమెకు ఒక వీడియో కాల్ వచ్చింది. పోలీసు బట్టలేసుకున్న మనిషి. నువ్వు పంపిన విగ్రహంలో మత్తుమందు దొరికింది, నిన్ను డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు అన్నాడు. చిన్నమ్మ మొదట వానితో వాదించిందంట. "గుండు రాతిలో డొల్ల యాడుంటాది సారూ, ఉంటే నేను కొట్టినప్పుడే తెలిసిపోతాది కదా" అని. వాడు జైలు పేరెత్తేసరికి బెదిరిపోయింది. పనివాళ్ళను బయటికి పంపి, ఫోన్‌ను రాతికి ఆనించి, దాని ముందర పీట వేసుకొని కూచునింది. పొద్దున తొమ్మిదింటి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. ఒక ఆర్డరు అడ్వాన్సు మొత్తం వానికి పంపేసింది.

పనివాడొకడు నాకు ఫోన్ చేస్తే బస్సెక్కి పోయినా. నేను పోయేసరికి సాయంత్రం నాలుగు. ఫోన్ లాక్కొని ఆ పోలీసు వేషగానికి పెట్టాల్సినవి పెట్టినా. వాడు మాయమైపోయినాడు. అక్కడితో ఆగుంటే బాగుండేది.

ఆగలేదు. పనివాళ్ళ ముందరే చిన్నమ్మ మీదకు తిరిగినా. "రాయిలో పగులు కనిపెడతావు, మనిషిలో కనిపెట్టలేవా? ఇంత వయసొచ్చి వాడు కూచోమంటే కూచుంటావా? ఇంక నీకు ఫోన్ వద్దు. ఆర్డర్లు నేను మాట్లాడి పనివాళ్ళకు చెప్తా" అని ఫోన్ నా బ్యాగులో వేసుకున్నా.

చిన్నమ్మ తల ఎత్తలేదు. "మరి నాకేమన్నా అయితే నీకెట్ల తెలిసేదే?" అని మాత్రం అడిగింది.

"రాయి మీద కొట్టు చిన్నమ్మా. నీది గట్టి చెయ్యి కదా, నంద్యాలకు వినపడుతుంది లే" అన్నా.

పనివాళ్ళు నవ్వినారు. ఆమె నవ్వలేదు.

ఇంటికొచ్చి ఆ ఫోన్ ఆపేసి, బీరువా లాకర్లో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసినా. ఆర్డర్లు నేను మాట్లాడుతుంటే ఒకరిద్దరు పాత గిరాకీలు "ఆ పెద్దామె లేదా?" అని అడిగి మానుకున్నారు కూడా. తర్వాత ఒకసారి షెడ్డుకు పోతే, గోడ మీద బొగ్గుతో రెండు నంబర్లు రాసి కనిపించినాయి. ఒకటి నాది, ఇంకొకటి మా ఆయన అంగడిది. పనివానితో రాయించి పెట్టుకుందంట. చూసి నవ్వొచ్చింది నాకు.

రెండు నెలలు గడిచినాయి. ఆషాఢ అమావాస్య. శ్రావణానికి చీరలు ఎంచుకోవాలని రాజేశ్వరి మా ఇంటికి వచ్చింది. పద్మ ఉంది. జాకెట్లు కుట్టే ఖైరూన్ కొలతలు తీసుకోవడానికి వచ్చింది. అందరం హాల్లో చీరలు పరుచుకొని కూచున్నాం. మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. టైము ఇంత కచ్చితంగా ఎట్ల తెలుసంటే, నా ఫోన్లో ఆ మూడు కాల్సూ ఇప్పటికీ ఉన్నాయి. నేను తుడిచెయ్యలేదు.

మొదటి కాల్ వచ్చింది. తెర మీద "ఆళ్లగడ్డ చిన్నమ్మ" అని పేరు. ఎత్తినా. ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో దూరంగా గాలి ఉన్నట్టు ఒక శబ్దం, అంతే. కట్టయింది.

నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. "చూసినారా, ఎంత తెలివి మీరినారో! చిన్నమ్మ నంబరే దొంగిలించి నాకు చేస్తాండారు" అని లేచి, బీరువా తెరిచి, చీరల కింది నుంచి ఆ ఫోన్ తీసుకొచ్చి అందరికీ చూపించినా. ఆపేసి ఉంది. పక్క బటన్ నొక్కి పట్టినా. చార్జింగు చచ్చిపోయి అది వెలగను కూడా వెలగలేదు.

ఆ చచ్చిన ఫోన్ నా ఎడమ చేతిలో ఉండగానే కుడి చేతిలో నా ఫోన్ మోగింది. అదే పేరు. పద్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎత్తి చెవికి పెట్టుకున్నా. టక్ టక్... టక్. మళ్ళీ అట్లే. "ఎవడ్రా నువ్వు?" అన్నా. కట్టయింది.

మూడోది రెండు గంటల ఇరవై రెండు నిమిషాలకు. "స్పీకర్ వెయ్యి వదినా" అంది రాజేశ్వరి. వేసినా. టక్ టక్... టక్. చేతిలో ఫోన్, ముందర ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ కళ్ళు నా నోటి మీద. అప్పుడు నేను అన్న మాటలు ఇవి, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నా.

"ఒరే నాయాలా! ముసలోళ్ళ పేరు మీద బతికేదానికి సిగ్గులేదా నీకు? రాయి కొట్టుకునే తెలివుంటే పోయి రాయి కొట్టుకో! ఆ రాయి కిందే పడి సావు!"

"ఇంకో రెండు తగిలించక్కా!" అని పద్మ అరిచింది. అందరూ నవ్వినారు. ఆ పక్క దెబ్బలు ఆగిపోయినాయి. నేను కట్ చేసి, ఆ నంబరును బ్లాక్ చేసి, ఖైరూన్‌కు కొలతలు ఇచ్చినా.

సాయంత్రం అయిదు ముందర ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం దొంగలే ఇప్పుడు నంబరు మార్చినారనుకొని కట్ చేసినా. మళ్ళీ వస్తే మళ్ళీ కట్ చేసినా. మూడోసారి కూడా. కాసేపటికి మా ఆయన అంగడి నుంచి చేసినాడు. "ఆ మస్తాన్ చేస్తాంటే ఎందుకెత్తలేదు నువ్వు? చిన్నమ్మ కాలి మీద రాయి పడిందంట. ఆటోలో నంద్యాలకు తీసుకొస్తాండారు" అన్నాడు.

మస్తాన్ ఉలులకు పదును పెట్టేవాడు. అమావాస్య నాడు పని ఉండదు కాబట్టి ఆ వీధిలోని షెడ్ల ఉలులన్నీ ఆ రోజు అతని కొలిమికి పోతాయి. పదును పెట్టి అతనే తిరిగి ఇచ్చిపోతాడు. మూడింటప్పుడు పక్క షెడ్డులో ఇచ్చి, చిన్నమ్మ షెడ్డు మీదుగానే వెళ్ళినాడు. లోపల ఏ అలికిడీ లేదు. నాలుగున్నరప్పుడు మళ్ళీ అదే దారిన వస్తుంటే రాయి మోగుతోంది. అమావాస్య నాడు రాయి కొట్టేదెవరబ్బా అని లోపలికి తొంగి చూసినాడు. పనిముట్లకు దీపం పెట్టడానికి ఒక్కతే వచ్చిన చిన్నమ్మ, ఆసరా పెట్టిన కొయ్యదుంగ జారి వాలిన పెద్ద పలకరాయి కింద పాదం ఇరుక్కొని పడి ఉంది. చేతిలో సుత్తి ఉంది. నలుగురిని పిలుచుకొచ్చి రాయి జరిపి, గోడ మీద బొగ్గు నంబర్లు చూసి మాకు చేసినాడు.

డాక్టరు ఆమె పాదం మిగల్చలేకపోయినాడు. చీలమండ దగ్గర తీసేయాల్సి వచ్చింది. ఒక గంట, గంటన్నర ముందు తెచ్చుంటే చూసేవాళ్ళమమ్మా అన్నాడు. ఆ గంటన్నర లెక్క నాకు అప్పటికింకా తెలియదు.

ఆపరేషన్ జరుగుతుంటే వరండాలో మస్తాన్ నా దగ్గరకొచ్చి నిలబడినాడు. నా ముఖం వైపు చూడకుండా అడిగినాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు ఆడికి ఎప్పుడొచ్చి పోయినావ్?"

నేను రాలేదన్నా.

"రాయి జరిపినప్పటి నుంచీ అదే మాట చెప్తాండాది. సరళ తిట్టింది, రాయి కిందే పడి సావమనింది అని. దోవ పొడుగునా అదే" అన్నాడు.

బెంచీ మీద కూచున్నా. నేను ఆ మాట అన్నది మా హాల్లో, ముగ్గురు ఆడవాళ్ళ ముందర. అప్పటికి మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు. ఆళ్లగడ్డకు అది చేరే దారి లేదు. పాపం మస్తాన్‌ది తప్పు లేదు. ఆయన విన్నది ఆయన చెప్పినాడు. వీధిలో వాళ్ళు దాన్ని అర్థమయ్యే రకంగా అతికించుకున్నారు.

మూడో రోజు చిన్నమ్మ తేరుకుని మాట్లాడింది. ఎవరూ లేనప్పుడు అడిగినా, నేను తిట్టింది నీకెట్ల వినపడింది చిన్నమ్మా అని.

"రాతికి చెవి ఆనుకోనుండె. దాంట్లో నుంచి వచ్చె" అనింది, అదేదో మామూలు సంగతి లాగా. "నువ్వే కదా కొట్టమన్నావ్. కొట్టినా. పక్కన ఆడోళ్ళు నగినారు. ఇంకో రెండు తగిలించక్కా అనె ఒకామె."

"నేను తిట్టినాక ఏం చేసినావ్?"

"మానుకుంటి."

"ఎందుకు?"

"అమావాస్య నాడు రాయి కొట్టినందుకు తిట్టినావనుకుంటి. పొద్దు వాలినాక నొప్పి తాళలేక మళ్ళా కొట్టినా."

మస్తాన్ మూడింటికి పోతుంటే షెడ్డు ఎందుకు చప్పుడు లేకుండా ఉందో అప్పుడు తెలిసింది నాకు. గంటన్నర.

ఇక సాక్ష్యాలు. చిన్నమ్మ ఫోన్‌కు చార్జింగ్ పెట్టి ఆన్ చేసి చూసినాం. నేను లాక్కున్న రోజు తర్వాత అందులోంచి ఒక్క కాల్ కూడా పోలేదు. ఫోన్ కంపెనీ వాళ్ళను అడిగితే ఆ రోజు ఆ సిమ్ పని చేసినట్టే లేదన్నారు. నా ఫోన్లో మాత్రం మూడు కాల్సూ ఉన్నాయి. పోలీసులకు చెప్తే, ఎవరి నంబరు మీద నుంచైనా వచ్చినట్టు చూపించే పద్ధతులున్నాయమ్మా, ఎత్తొద్దండి అన్నారు. మా ఆయనదీ అదే మాట. కావచ్చు. కానీ మోసగాడు ఫోన్ చేస్తే ఏదో ఒకటి అడుగుతాడు. వీడేమీ అడగలేదే? నంబరు దొంగిలించినవానికి మా చిన్నమ్మ దెబ్బ ఎవరు నేర్పినారు? పోనీ నా ఫోన్‌కు వాడే చేసినాడనుకుందాం. రాతిలో నుంచి నా గొంతు ఆమెకు వినిపించింది ఎవడు? ఈ వాదన నేను అందరితోనూ వేసుకున్నా. అందరినీ గెలిచినా. గెలిచి ఏం చేసుకోవాలి?

ఒక్క మనిషిని మాత్రం గెలవలేకపోయినా. రాజేశ్వరి ఆత్మ అనీ గాలి అనీ నాలుగు మాటలు చెప్పినాక, ఉన్నట్టుండి ఒక మాట అడిగింది. "అది సరే వదినా. మాకు ఆ స్పీకర్లో ఏదో గిన్నె మీద చెంచాతో కొట్టినట్టు వినపడె. పద్మ కూడా అదే అనె. నువ్వు రాయి అని ఎట్లన్నావ్?"

నోటికి ఏదో వచ్చిందిలే అన్నా.

అది అబద్ధం. రెండో కాల్‌లోనే గుర్తుపట్టినా నేను. మూడు దెబ్బలు వినపడగానే మా చిన్నప్పటి షెడ్డూ, రాతి దుమ్ము వాసనా అన్నీ వచ్చినాయి. ఇది చిన్నమ్మ చెయ్యి అనుకున్నా. అమావాస్య కదా, ఎందుకు కొడుతోందని కూడా ఒక్క క్షణం అనుకున్నా. అనుకొని, చేతిలో ఉన్న చచ్చిన ఫోన్ చూసి, ఎట్ల కుదురుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. సరే, అదన్నా బుద్ధితో చేసిందే అనుకోవచ్చు. కానీ మూడోసారి స్పీకర్లో విన్నప్పుడు ఆ అనుమానం ఇంకా ఉంది. "చిన్నమ్మా, నువ్వేనా?" అనడానికి నోరు తెరిచినా. ముందర ముగ్గురు నవ్వడానికి సిద్ధంగా కూచోనున్నారు. సాక్ష్యం సాక్ష్యం అని ఊరంతా తిరిగే సరళ, ఆపేసిన ఫోన్‌తో మాట్లాడిందని అనిపించుకోవాలా? తెరిచిన నోటితో తిట్టినా.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

చిన్నమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కట్టె కాలు పెట్టించినాం. షెడ్డు నడుస్తోంది. ఫోన్ తీసుకపోయి ఆమె చేతికిచ్చినా. "పెట్టు ఆడ" అని గోడలో గూడు చూపించింది. ఆర్డర్లు మళ్ళీ ఆమే మాట్లాడుతుంది. ఆ నంబరు మీద నేను వేసిన బ్లాక్ ఆ రోజే తీసేసినా, నాకు మాత్రం ఆ ఫోన్ నుంచి ఒక్కసారి కూడా చేయలేదు. నేనే పోయి చూసి వస్తుంటా.

నేను ఇప్పుడు ఎవరినీ తిట్టడం లేదు. తెలియని నంబరు వచ్చినా ఎత్తి, "ఎవరండీ? చెప్పండి" అంటున్నా. మాటలు లేకపోతే ఇంకా ఎక్కువసేపు పట్టుకొని వింటున్నా. ఇట్లయితే ఏదో ఒక రోజు ఇల్లంతా దోచిపెడతావని మా ఆయన భయం. పద్మ తన ఫోన్లు తేవడం మానేసింది.

పోయిన వారం షెడ్డులో చిన్నమ్మ కొత్త రాయి ఎంచుతుంటే పక్కనే నిలబడినా. రెండు దెబ్బలు వేసింది. చెవి ఆనించింది. మూడోది వేయకుండా చానాసేపు అట్లే ఉండి, తల తిప్పి నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నా. "ఏందే?" అంది. ఏమీ లేదన్నా.

నేను తిట్టింది ఆమెకు వినపడింది. పక్కన వాళ్ళు నవ్వింది వినపడింది. ఆ తిట్టుకు ముందు, నోరు తెరిచి కూడా నేను అనని ఆ మాట, "చిన్నమ్మా, నువ్వేనా?" అనేది, అది కూడా ఆమెకు వినపడిందా?